రోజూ మాత్ర నుంచి రెండు నెలల ఇంజెక్షన్‌ దాకా: హెచ్‌ఐవీ చికిత్సలో నానో ఔషధం

[దృశ్యం: వంటింటి అలమరలో పప్పు డబ్బా వెనక, కాగితంలో చుట్టి దాచిన మాత్రల సీసా]

హెచ్‌ఐవీ సోకినవారు క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటే, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తోంది. అయినా సీసా గలగలమనకుండా లోపల దూది కుక్కి, ఇంట్లో ఎవరి కంటా పడకుండా ఏళ్ల తరబడి రోజూ మాత్ర వేసుకోవడం చిన్న భారం కాదు. మందును అతి సన్నని నలుసులుగా మార్చి, రెండు నెలలకోసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే నానో ఔషధం ముందుగా తగ్గించింది ఈ భారాన్నే.

[దృశ్యం: తిరుగుతున్న పాత్రలో పూసల మధ్య నలుగుతున్న స్ఫటికాలు]

కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే హెచ్‌ఐవీ మందులు నీటిలో దాదాపు కరగవు. మాత్రల తయారీలో ఇబ్బంది పెట్టే ఈ గుణమే ఇక్కడ అక్కరకొచ్చింది. మందు స్ఫటికాలను నీటిలో సన్నని గట్టి పూసలతో కలిపి తిప్పితే, అవి రాపిడికి నలిగి సుమారు 200 నానోమీటర్ల నలుసులవుతాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో 10 లక్షలో వంతు. హెచ్‌ఐవీ వైరస్సే దాదాపు 100 నానోమీటర్లుంటుంది. నలుసులు ఒకదానికొకటి అతుక్కోకుండా వాటి మీద సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) పొర ఉంటుంది. సిరంజిలో పాలలా తెల్లగా కనిపించే ఈ మందును పిరుదు కండరంలోకి ఎక్కిస్తే, నలుసులు అక్కడే నిలిచి, కొద్దికొద్దిగా కరుగుతూ వారాల తరబడి రక్తంలో కలుస్తాయి. ఇంత సన్నగా నలిగినందువల్లే 600 మిల్లీగ్రాముల కాబోటెగ్రావిర్ 3 మిల్లీలీటర్లలో ఇమిడి, సూది గుండా సాఫీగా దిగుతుంది.

ఈ రెండు మందులను కలిపి ఇచ్చే జంట ఇంజెక్షన్లకు అమెరికాలో 2021 జనవరిలో అనుమతి లభించింది. వైరస్ పూర్తిగా అదుపులో ఉండి, హెపటైటిస్‌-బి లేనివారు మాత్రల నుంచి వీటికి మారవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సిఫారసు చేసింది.

[దృశ్యం: ఫ్రిజ్‌లో మందు పెట్టెలు, పక్కన గోడ క్యాలెండర్]

అయితే రిల్పివిరిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిల్వ చేయాలి. కరెంటు నిలకడ లేని ఊరి ఆసుపత్రికి ఇది కష్టమైన షరతు. అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటుంది. ఇంజెక్షన్లు మానేసినా కండరంలో మిగిలిన మందు ఏడాది, కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం, తక్కువ మోతాదులో ఊరుతూనే ఉంటుంది. వైరస్‌ను అణచలేని ఆ కొద్దిపాటి మందుకు వైరస్ అలవాటుపడి, నిరోధకత పెంచుకోవచ్చు. అందుకే ఇంజెక్షన్లు ఆపిన వెంటనే మాత్రలు మొదలుపెట్టాలి.

ఈ ఇంజెక్షన్ వ్యాధిని నయం చేయదు. వైరస్ తన జన్యుపదార్థాన్ని మన కణాల డీఎన్‌ఏలో కలిపేసి, లింఫు గ్రంథుల్లో, పేగుల్లో, మెదడులో నక్కి ఉంటుంది. అమెరికాలోని నెబ్రాస్కా, టెంపుల్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఆ స్థావరాలకు చేరేలా నానో మందులను మలచి, వాటికి డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ అనే జన్యు కత్తెరను జోడించి, మానవ రోగనిరోధక కణాలున్న ఎలుకల్లో ప్రయోగించారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం వాటిలో కొన్ని ఎలుకల్లో, మందులు ఆపేశాక కూడా వైరస్ తిరిగి కనిపించలేదు.