కొండవైపు, సముద్రంవైపు: కోబె రేవు కథ

శ్రోతలకు నమస్కారం.

జపాన్‌లోని కోబె నగరంలో ఎవరినైనా దారి అడిగితే ఉత్తరం, దక్షిణం అని చెప్పేవాళ్ళు తక్కువ. ‘కొండవైపు వెళ్ళండి’, ‘సముద్రంవైపు దిగండి’ అంటారు. పెద్ద దుకాణాల్లో బోర్డుల మీద కూడా అలాగే రాసి ఉంటుంది. ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన ఒసాకా అఖాతం, ఈ రెండింటి నడుమ పొడవుగా సాగిపోయిన ఊరు కోబె. ఎంత పెద్ద నగరమైనా అసలు ఊరంతా ఆ ఇరుకులోనే ఇమడాలి. అక్కడ చూడదగ్గవన్నీ ఆ ఇరుకు వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

1868 జనవరి 1న ఈ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. యూరప్, అమెరికా వర్తకులు వచ్చి ఒడ్డునే స్థలాలు తీసుకున్నారు. అక్కడ చోటు చాలక కొండవాలు ఎక్కి కితానో అనే పేటలో ఇళ్ళు కట్టుకున్నారు. వాటిలో బాగా పేరున్నది 1909లో ఒక జర్మన్ వర్తకుడు కట్టించిన ఎర్ర ఇటుకల ఇల్లు. దాని కప్పు మీద గాలి ఎటు వీస్తుందో చూపించే లోహపు కోడిపుంజు ఉంటుంది. ఇప్పుడు ఇలాంటి ఇళ్ళకు టికెట్ పెట్టి చూపిస్తున్నారు. నన్నడిగితే ఒకటి రెండు చూస్తే చాలు. మిగిలిన సమయం ఆ వీధుల్లో ఊరికే నడవండి. 1935లో కట్టిన మసీదు అక్కడికి దగ్గర్లోనే ఉంది. జపాన్‌లో మొట్టమొదటి మసీదు అదే. 1945లో విమానాలు బాంబులు కురిపించి చుట్టుపక్కలంతా కాలిపోయినా అది నిలబడింది. మరికొంచెం పైకి వెళితే తెల్లని చలువరాతి జైన దేవాలయం కనిపిస్తుంది. అది 1985 నాటిది.

జపాన్‌లో జైన దేవాలయం ఏమిటంటారా? ముత్యాలు! జపాన్ సముద్రాల్లో పెంచిన ముత్యాలను వేరుచేసి, గుచ్చి, విదేశాలకు పంపే పెద్ద కేంద్రం కోబె. ఆ వ్యాపారంలోకి వచ్చిన జైన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. అంతకుముందే సింధీ, గుజరాతీ బట్టల వర్తకులు ఉన్నారు. 1923లో భూకంపం యొకొహామాను నేలమట్టం చేశాక, అక్కడి భారతీయ వ్యాపారులు చాలామంది కోబెకు తరలివచ్చారు. బ్రిటిష్ పోలీసుల కన్నుగప్పి బయటపడిన రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ నేల మీద అడుగుపెట్టింది ఈ రేవులోనే. మరుసటి ఏడాది రవీంద్రనాథ్ ఠాగూర్ ఓడ దిగిందీ ఇక్కడే.

వచ్చినవాళ్ళ కథ ఇలా ఉంటే, వెళ్ళినవాళ్ళదీ ఒకటుంది. 1908 ఏప్రిల్‌లో కసాతో మారు అనే ఓడ దాదాపు 780 మంది జపనీయులను ఎక్కించుకుని కోబె నుంచి బ్రెజిల్ బయలుదేరింది. కాఫీ తోటల్లో కూలికి వెళ్ళిన బీదవాళ్ళు వాళ్ళు. తర్వాత అలా వలస వెళ్ళేవాళ్ళను ఓడ ఎక్కేముందు ఉంచడానికి 1928లో కట్టిన భవనం ఇప్పటికీ ఉంది. టూరిస్టులు పెద్దగా పట్టించుకోరు గానీ, కోబెలో తప్పక చూడాల్సింది అదేనంటాను.

చోటు చాలని ఊరు ఒక సాహసం చేసింది. 1960ల నుంచి కొండలు తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద ఒడ్డుకు చేర్చి, పడవల్లో తీసుకెళ్ళి సముద్రంలో పోసి, పోర్ట్ ఐలాండ్ అనే కొత్త దీవినే తయారుచేసింది. తవ్విన చోట ఇళ్ళు, పూడ్చిన చోట రేవులు. ఒకే పనితో రెండు లాభాలు! 1981 నుంచి ఆ దీవికి డ్రైవర్ లేని రైలు నడుస్తోంది.

1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు భూమి కంపించింది. తీవ్రత 7.3. చనిపోయినవారు 6,434 మంది. పాత చెక్క ఇళ్ళు కూలి, నగాతా ప్రాంతంలో మంటలు పేటలకు పేటలనే మింగేశాయి. పూడ్చిన నేలలో ఇసుక, నీళ్ళు కలిసి బురదై పైకి పొంగాయి. రేవుగట్లు సముద్రంలోకి ఒరిగిపోయాయి. ప్రపంచంలోని అగ్రశ్రేణి కంటైనర్ రేవుల్లో ఒకటిగా ఉన్న కోబె, ఆ స్థానాన్ని మళ్ళీ అందుకోలేకపోయింది. మరమ్మతులు జరిగేలోగా సరుకు వేరే రేవులకు అలవాటుపడిపోయింది మరి.

మెరికెన్ పార్కులో సుమారు 60 మీటర్ల రేవుగట్టును ఆ రోజు విరిగినట్టే వదిలేశారు. పగిలిన కాంక్రీటు, నీళ్ళలోకి కుంగిన నేల, పక్కకు వాలిన దీపస్తంభాలు అలాగే ఉన్నాయి. పక్కనే 108 మీటర్ల ఎర్రటి పోర్ట్ టవర్, నడుం సన్నగా పట్టినట్టు, ఢమరుకంలా ఉంటుంది. 1963లో కట్టిన ఆ టవర్ ఆ భూకంపాన్ని తట్టుకుంది. అందరూ దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. మీరూ తీసుకోండి, కానీ నాలుగడుగులు వేసి ఆ గట్టు దగ్గరికీ వెళ్ళండి.

కోబె గొడ్డుమాంసం పేరు ప్రపంచమంతా తెలుసు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కొండల నుంచి వచ్చే నీళ్ళు, శీతాకాలపు చలిగాలి, మంచి బియ్యం కలిసి తూర్పున ఉన్న నాదా ప్రాంతాన్ని బియ్యపు సారాయి సాకేకు పెట్టిందిపేరు చేశాయి. అక్కడి పాత బట్టీలు కొన్ని ఇప్పుడు మ్యూజియంలు.

సాయంత్రానికి మాత్రం కొండవైపు వెళ్ళండి. అక్కడొక కొండ పేరు మాయా. అవును, బుద్ధుడి తల్లి మాయాదేవి పేరే. ఆమె కొలువున్న ఆలయం కొండపైన ఉంది. కేబుల్ కారులో కొంతదూరం, రోప్‌వేలో మిగతా దూరం. పైనుంచి చూస్తే కొండ అంచు నుంచి సముద్రం దాకా ఊరంతా దీపాలే. ఆఖరి రోప్‌వే ఎన్నింటికో ఎక్కేముందే కనుక్కోండి. ఆ వెలుగులు చూస్తూ కూర్చుంటే టైం తెలియదు.