పేరు మీద కాదు, ఆట మీద వాదిద్దాం

శ్రోతలకు నమస్కారం. ఇవాళ అభిమానుల వాదనల గురించి మాట్లాడుకుందాం. సచిన్ గొప్పా లారా గొప్పా, మెస్సీనా రొనాల్డోనా, ఫెదరరా జొకోవిచ్చా, ఇలాంటివి. మ్యాచ్ అయిపోయాక మొదలై ఒక పట్టాన తెగని వాదనలు. వీటిని చూసి టైం దండగ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. ఆట చూడటంలో ఉన్న ఆనందంలో సగం, చూసినదాని గురించి ఇంకొకరితో గట్టిగా వాదించడంలోనే ఉంది. కాకపోతే మనలో చాలామందిమి పేర్ల మీద వాదిస్తున్నాం, ఆట మీద వాదించడం లేదు. నా బాధంతా అదే.

ఏం చెప్తున్నానో తెలియాలంటే ఒకసారి 1999కి వెళ్దాం. ఆ ఏడాది జనవరి 31, చెన్నైలో పాకిస్తాన్‌తో టెస్టు, నాలుగో రోజు. మనకి కావాల్సింది 271. స్కోరు 82 అయ్యేసరికి సగం జట్టు అవుట్. ఒక పక్క సచిన్, ఇంకో పక్క నయన్ మోంగియా, అవతల పాకిస్తాన్ బౌలర్లు అక్రమ్, వకార్, సక్లైన్. సచిన్‌కి నడుం నొప్పి, షాట్ కొట్టిన ప్రతిసారీ ముఖంలో తెలుస్తోంది. అలాగే ఆడుతూ ఆడుతూ జట్టుని 254 దాకా తీసుకొచ్చాడు, 136 పరుగులు చేశాడు, సక్లైన్ బంతిని గాల్లోకి లేపితే అక్రమ్ పట్టేశాడు. ఇంకా కావాల్సింది 17 పరుగులు, చేతిలో మూడు వికెట్లు ఉన్నాయి. ఆ మూడూ నాలుగు పరుగులకే పోయాయి. 258 ఆలౌట్, 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

సరిగ్గా రెండు నెలలకి, మార్చి 30న, బ్రిడ్జ్‌టౌన్‌లో ఆస్ట్రేలియాతో వెస్టిండీస్ టెస్టు. వాళ్లకి కావాల్సింది 308. 105కే ఐదు వికెట్లు పోయాయి. బౌలింగ్ వేస్తున్నది మెక్‌గ్రాత్, గిలెస్పీ, వార్న్, మెక్‌గిల్. జిమ్మీ ఆడమ్స్ సాయంతో లారా కొంత దూరం లాక్కొచ్చాడు, అక్కడ మళ్లీ వరసగా వికెట్లు పడి 248కి ఎనిమిది. తర్వాత ఆంబ్రోస్ చాలాసేపు అడ్డం నిలబడ్డాడు, 302 దగ్గర అతనూ పోయాడు. ఆఖరి మనిషి కోర్ట్నీ వాల్ష్. టెస్టుల్లో అందరికంటే ఎక్కువసార్లు, 43 సార్లు, సున్నాకి అవుటైన ఆటగాడు ఆయన. ఆ వాల్ష్ తనవైపు వచ్చిన బంతుల్ని ఎలాగో కాచుకున్నాడు, లారా ఆఖరి ఫోర్ కొట్టాడు. లారా 153 నాటౌట్, వెస్టిండీస్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

ఇప్పుడు వాదన ఎలా నడుస్తుందో మీకు తెలుసు. లారా గెలిపించాడు, సచిన్ గెలిపించలేకపోయాడు, అంతే, కేసు క్లోజ్ అంటారు. ఒక్క నిమిషం ఆగండి. గెలుపు అంచున ఉండగా లారా ఇచ్చిన క్యాచ్‌ని వికెట్ కీపర్ ఇయాన్ హీలీ వదిలేశాడు. ఆ క్యాచ్ పట్టి ఉంటే, లేదా వాల్ష్ ఒక్క బంతికి బౌల్డ్ అయి ఉంటే, ఇదే ఇన్నింగ్స్‌ని మనం ఓటమి ఖాతాలో రాసేవాళ్లం. అక్కడ చెన్నైలో సచిన్ తర్వాత వచ్చిన ముగ్గురిలో ఒక్కరు కాస్త నిలబడి ఉంటే 136 గురించి ఇంకోలా మాట్లాడేవాళ్లం. అంటే గెలిపించాడా లేదా అనే ప్రశ్నకి జవాబు చాలాసార్లు అవతలి ఎండ్‌లో ఉన్న బ్యాట్స్‌మన్ చేతిలోనో, ఫీల్డర్ చేతిలోనో ఉంటుంది. దాన్ని తెచ్చి ఒకరి గొప్పతనానికి కొలతగా పెట్టేస్తున్నాం.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం దాచుకోవడం సబబు కాదు. ఈ రెండింటిలో నేను లారా ఇన్నింగ్స్‌నే పైన పెడతాను. గెలిచాడని కాదు. కింది వరస బ్యాట్స్‌మన్‌లతో ఉన్నప్పుడు ఏ బంతికి సింగిల్ తీయాలి, ఏ బంతి వదిలేయాలి, ఓవర్లో వాళ్లకి ఎన్ని బంతులు మిగల్చాలి అనే లెక్క లారా చివరిదాకా తప్పలేదు. సచిన్ 17 పరుగులు ఉండగా పెద్ద షాట్‌కి వెళ్లాడు. సచిన్ అభిమానులు దీనికి గట్టి జవాబే చెప్తారు. ఆ నొప్పితో ఇంకెంతసేపు నిలబడగలడు, త్వరగా ముగించడం తప్ప ఆయనకి వేరే దారి ఏముంది అంటారు. ఆ మాటకి బలం ఉంది. చూశారా, ఇప్పుడు మనం ఇద్దరు మనుషుల పేర్ల గురించి మాట్లాడటం లేదు, పదిహేడు పరుగులు ఉండగా ఏం చేయాలి అనే విషయం మాట్లాడుతున్నాం. వాదన అంటే ఇది.

చెన్నైలో ఆ రోజు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. మ్యాచ్ పోయింది, స్టేడియం మొత్తం కాసేపు నోట మాట లేకుండా ఉండిపోయింది, ఆ తర్వాత జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. వాళ్లు మైదానం చుట్టూ తిరిగి ఆ చప్పట్లు అందుకున్నారు. సచిన్ అంటే ప్రాణం పెట్టే జనం వాళ్లు, బాధ లేకనా? బాధ ఉంది, అయినా ఎదుటివాడు ఎంత బాగా ఆడాడో కళ్లతో చూశారు కాబట్టి కొట్టారు. నాకు అభిమానం అంటే ఆ జనమే గుర్తొస్తారు.

సరే, అంకెల సంగతికి వద్దాం. అంకెలు అక్కర్లేదు అనను. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అనేది కొట్టిపారేసే అంకె కాదు. 1948 ఆగస్టులో ఓవల్‌లో ఆఖరి ఇన్నింగ్స్‌కి దిగినప్పుడు ఇంకో నాలుగు పరుగులు చేస్తే సగటు వంద అయ్యేది, ఎరిక్ హోలీస్ బంతికి సున్నాకే బౌల్డ్ అయ్యాడు. కానీ అదే బ్రాడ్‌మన్ టెస్టులన్నీ ఆస్ట్రేలియాలో, ఇంగ్లండ్‌లో మాత్రమే ఆడాడు. మన గడ్డ మీద స్పిన్ తిరిగే పిచ్‌ల మీద ఒక్క టెస్టూ ఆడలేదు. ఇది ఆయన్ని తగ్గించడానికి చెప్పడం లేదు, ఆ అంకె వెనక ఏముందో కూడా చూడమంటున్నాను. వన్డేల్లో కోహ్లీ 50వ సెంచరీ 279వ ఇన్నింగ్స్‌లో వచ్చింది, సచిన్ 452 ఇన్నింగ్స్ ఆడి 49 దగ్గర ఆగాడు. కోహ్లీ అభిమాని ఈ లెక్క చెప్తే కాదనలేం. సచిన్ అభిమాని లేచి, 2011 అక్టోబర్ నుంచి వన్డేల్లో రెండు వైపులా కొత్త బంతులు వచ్చాయి, పాతబడిన బంతితో రివర్స్ స్వింగ్ ఎదుర్కోవాల్సిన కష్టం తగ్గింది అంటే దాన్నీ కాదనలేం. వెంటనే కోహ్లీ వైపు వాళ్లు ఛేజింగ్‌ల లెక్క తీస్తారు. తియ్యనివ్వండి, ఇలా పదిసార్లు అటూ ఇటూ వెళ్తే ఇద్దరికీ ఆట ఎలా మారిందో తెలుస్తుంది.

అంకెలు ఎంత తికమక పెడతాయో టెన్నిస్ చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 2019 వింబుల్డన్ ఫైనల్‌లో ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ గెలిచినవి 204. కప్పు జొకోవిచ్‌ది. ఐదో సెట్‌లో 8-7 దగ్గర ఫెదరర్ తన సర్వీస్ మీద రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే ఒక్కటి గెలిచినా కప్పు వచ్చే పాయింట్లు, పోగొట్టుకున్నాడు. ఆ మ్యాచ్‌లో, సెట్ సమంగా నడిచినప్పుడు దాన్ని తేల్చే టై బ్రేకులు మూడు జరిగితే మూడూ జొకోవిచ్చే గెలిచాడు. ఎక్కువసేపు బాగా ఆడినవాడు గొప్పా, ప్రాణం మీదికొచ్చిన ఆ కొద్ది పాయింట్లలో తప్పు చేయనివాడు గొప్పా? నేనైతే రెండోవాడే అంటాను, గ్రాండ్ స్లామ్‌లు జొకోవిచ్‌కి 24, నాదల్‌కి 22, ఫెదరర్‌కి 20 అవడానికి కారణం కూడా చాలావరకు అదే అంటాను. ఫెదరర్ అభిమానులకి కోపం రావచ్చు, రానివ్వండి, జవాబు చెప్పండి.

ఫుట్‌బాల్‌లో రొనాల్డోకి యూరో కప్ ఉందని వాళ్ల అభిమానులు చాలాకాలం మెస్సీ అభిమానుల్ని ఏడిపించారు. 2016లో ఆ ఫైనల్‌లో రొనాల్డో మోకాలికి దెబ్బ తగిలి 25వ నిమిషంలోనే బయటికి వెళ్లిపోయాడు, ఎక్స్‌ట్రా టైంలో గోల్ కొట్టింది ఎడెర్. 2022లో మెస్సీ ప్రపంచ కప్ గెలిచిన ఫైనల్లో అవతల ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే హ్యాట్రిక్ కొట్టి కూడా ఓడిపోయాడు, పెనాల్టీల దాకా వెళ్లాక. కప్పులు జట్టుకి వస్తాయి, ఒక మనిషి ఖాతాలో వేసి లెక్కపెట్టడం అంత తేలిక కాదు.

ఇక్కడ ఒక పాత పరిశోధన గురించి చెప్పాలి. అమెరికాలో 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చాలా మొరటుగా జరిగింది, ఎముకలు కూడా విరిగాయి. తర్వాత హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ మ్యాచ్ ఫిల్మ్‌ని రెండు కాలేజీల విద్యార్థులకీ వేసి చూపించి ఫౌల్స్ లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్లు చేసిన ఫౌల్స్ డార్ట్‌మత్ విద్యార్థులకి కనిపించినదానికి రెట్టింపు కంటే ఎక్కువ ప్రిన్స్‌టన్ విద్యార్థులకి కనిపించాయి. ఫిల్మ్ ఒకటే, ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు, వాళ్లకి నిజంగానే అలా కనిపించింది. 1954లో ఇది అచ్చయింది. ఎల్బీడబ్ల్యూ అప్పీల్ వచ్చిన ప్రతిసారీ మనింట్లో జరిగేది కూడా అదే కదా. అందుకే అవతలి జట్టు అభిమాని పక్కన కూర్చుని మ్యాచ్ చూడమంటాను. మన కళ్లు వదిలేసినవి వాడి కళ్లు పట్టుకుంటాయి.

మన తెలుగువాళ్లకి బాగా దగ్గరి వాదన ఒకటుంది, సైనానా సింధునా అని. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరింది సైనా, 2015లో. అంతకుముందే 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి, బ్యాడ్మింటన్ అంటే పెద్దగా పట్టించుకోని జనాన్ని టీవీల ముందు కూర్చోబెట్టింది. సింధుకి రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ ఛాంపియన్ టైటిల్. పతకాలే లెక్క అయితే సింధు. కానీ 2018 కామన్వెల్త్ గేమ్స్ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడితే సైనా 21-18, 23-21తో గెలిచింది. నాకు ఈ ఇద్దరి విషయంలో ఒకటి బాగా నచ్చుతుంది. 2017 గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు జపాన్ క్రీడాకారిణి ఒకుహారా చేతిలో 110 నిమిషాలు పోరాడి మూడో గేమ్ 20-22తో ఓడిపోయింది, రెండేళ్లకి బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో ఓడించింది. ఒక ఆటగత్తె తనని తాను ఎంత మార్చుకుందో చెప్పడానికి ఈ రెండు స్కోర్లు చాలు. సైనా అభిమానులు కూడా ఆ రెండు మ్యాచ్‌లూ వరసగా పెట్టుకుని చూడాలి.

వాదన తిట్లలోకి దిగితే మాత్రం నేను ఎవరి పక్షానా ఉండను. 1994 ప్రపంచ కప్‌లో సెల్ఫ్ గోల్ చేసిన కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్‌ని సొంత దేశానికి వెళ్లిన కొద్ది రోజులకే కాల్చి చంపేశారు. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ మన మీద పది వికెట్లతో గెలిచిన రాత్రి, మొత్తం జట్టు ఓడిపోతే ఒక్క షమీని పట్టుకుని, అతని మతాన్ని పట్టుకుని తిట్టారు. కెప్టెన్ కోహ్లీ బయటికొచ్చి షమీ పక్కన గట్టిగా నిలబడ్డాడు. మనం ఎవరి కోసం కొట్టుకు చస్తున్నామో వాళ్లు ఎలా ఉంటారో కూడా చూడండి. 2022 సెప్టెంబర్‌లో లండన్‌లో లావర్ కప్ టెన్నిస్‌లో ఫెదరర్ చివరి మ్యాచ్ అయ్యాక, పదిహేనేళ్లకు పైగా పోటీపడిన నాదల్ పక్కనే కూర్చుని, చేయి పట్టుకుని ఏడ్చాడు. వీళ్ల అభిమానులేమో ఒకరినొకరు బ్లాక్ చేసుకుని కూర్చున్నారు.

ఆ షమీ దగ్గరికే మళ్లీ వస్తాను, మన వాదనల్లో బౌలర్లకి జరుగుతున్న అన్యాయం నాకు బాగా కష్టంగా ఉంటుంది. 2023 నవంబర్ 15, వాంఖడే, న్యూజీలాండ్‌తో ప్రపంచ కప్ సెమీ ఫైనల్. ఆ రోజు గురించి ఎవర్ని అడిగినా కోహ్లీ 50వ సెంచరీ అంటారు. నిజమే, అది చరిత్ర. కానీ 397 కొట్టాక కూడా మ్యాచ్ మన చేతిలో లేదు. విలియమ్సన్, మిచెల్ నిలబడిపోయి స్కోరుని రెండు వికెట్లకి 220 దాకా తీసుకెళ్లారు. విలియమ్సన్ ఇచ్చిన తేలికైన క్యాచ్‌ని మిడాన్‌లో వదిలేసింది కూడా షమీయే, స్టేడియం అంతా ఒక్కసారి ఉసూరుమంది. కాసేపటికి అదే షమీ బంతి అందుకుని 33వ ఓవర్ ఒక్కదాంట్లోనే విలియమ్సన్‌ని, లేథమ్‌ని పంపించేశాడు. మొత్తం 57 పరుగులిచ్చి ఏడు వికెట్లు. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనికే ఇచ్చారు.

ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి మనల్ని గెలిపించింది ఎవరు? నా ఓటు షమీకి. ఆ పిచ్ మీద రెండు జట్లూ మూడొందలు దాటాయి, సెంచరీలు అటూ వచ్చాయి, ఇటూ వచ్చాయి, ఏడు వికెట్లు మాత్రం ఒక్కడికే వచ్చాయి. కాదు, 397 లేకపోతే షమీకి ఆ అవకాశమే రాదు అంటారా? అనండి. అయితే ముందు ఆ 33వ ఓవర్ మళ్లీ ఒకసారి చూసి రండి.