టెస్టోస్టిరాన్ సూదులు వాడుతూ బిడ్డ కోసం ఎదురుచూసేవారికి
(కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ విషయం మీద సభ పెడితే మగవాళ్లు రారేమోనని నిర్వాహకులు భయపడ్డారు. వచ్చారు, కాకపోతే అందరూ వెనక వరుసల్లో సర్దుకున్నారు. పరవాలేదు, మైకు బాగానే పనిచేస్తోంది.

పెళ్లయి రెండు మూడేళ్లయినా బిడ్డ లేకపోతే మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆ అమ్మాయిని ఒంగోలులో ఒక డాక్టరుకు, నెల్లూరులో ఇంకో డాక్టరుకు చూపిస్తారు. స్కానింగులు, రక్తపరీక్షలు, గొట్టాల పరీక్ష. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి సంతాన రొట్టె పట్టుకుంటుంది. పట్టుకోవద్దని నేననను. ఇంత తిరిగాక ఎప్పటికో అబ్బాయికి వీర్యపరీక్ష చేయిస్తే కణాలు సున్నా. అప్పుడు మెల్లగా సంగతి బయటపడుతుంది. నీరసమని ఎవరో రాసిస్తేనో, కండలు వస్తాయని జిమ్ములో ఎవరో చెబితేనో చాలాకాలంగా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను సూదులు వేయించుకుంటున్నాడు. అంత తిప్పలు పడుతున్న భార్యకు ఆ ముక్క చెప్పనే లేదు.

‘మగతనం పెంచే మందు కదండీ, పిల్లలు పుట్టకుండా ఎలా చేస్తుంది?’ అంటారు. రొయ్యల చెరువుల మధ్య బతికే మనకు ఇది అర్థం కావడం తేలిక. హ్యాచరీలో తల్లి రొయ్య గుడ్లకు రావాలంటే ఏం చేస్తారు? ఒక కంటి కాడను నొక్కేస్తారు. అండాశయాన్ని అణచి ఉంచే హార్మోను అక్కడి నుంచి వస్తుంది మరి. గుడ్లు ఒకచోట, పెత్తనం ఇంకోచోట. మగవాడిలోనూ పెత్తనం తలలోని పిట్యూటరీ గ్రంథిది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంపితేనే వృషణాలు పనిచేస్తాయి. రక్తంలో బయటి టెస్టోస్టిరాన్ దండిగా కనబడితే ఆ రెండూ ఆగిపోతాయి. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాల లోపల ఈ హార్మోను రక్తంలో కంటే పదుల రెట్లు ఎక్కువగా ఉండాలి. సూదిమందు అంత అందించలేదు. రక్తపరీక్షలో అంకె మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను మగవారి గర్భనిరోధకంగానే పరీక్షించారు. ఆరు నెలల్లో సగానికి పైగా పురుషుల్లో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. మనవాడు బిడ్డ కోసం ఎదురుచూస్తూ వేయించుకుంటున్నది ఆ మందే.

దుష్ఫలితాల సంగతికొస్తే, మొటిమలకు క్రీము రాస్తారు, రొమ్ములు ఉబ్బితే వదులు చొక్కా తొడుగుతారు, గురకకు పక్క గది చూసుకుంటారు. రక్తం చిక్కబడటం మాత్రం ప్రమాదం. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, 54 శాతం దాటితే మందు ఆపాలి. వీర్యకణాలు పోయినప్పుడు ఇలా పైకి తెలిసేది ఏమీ ఉండదు. కోరిక బాగానే ఉంటుంది. వీర్యం కూడా తగ్గినట్టు కనిపించదు, అందులో అత్యధిక భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవమే కాబట్టి. చిన్నబడేవి వృషణాలు. మా డాక్టర్ల దగ్గర దారానికి గుచ్చిన 12 పూసలుంటాయి, 1 మిల్లీలీటరు పరిమాణం నుంచి 25 దాకా. ఒక చేతిలో పూస, మరో చేత్తో వృషణం పట్టి పరిమాణం పోల్చి చూస్తాం. 20 పూస దగ్గర ఉండాల్సింది 10 దగ్గరికి వచ్చిందంటే రిపోర్టు రాకముందే అనుమానం వస్తుంది. ‘మీరు గమనించలేదా?’ అంటే ‘గమనించాను సార్, ఎవరికి చెప్పుకోను?’ అంటారు.

మరి మానేయాలా? బిడ్డ కావాలంటే మానాలి, కానీ సొంతంగా కాదు. బయటి మందు పోయి, లోపలి ఉత్పత్తి ఇంకా అందుకోని రోజులు కొన్ని ఉంటాయి. నీరసం, దిగులు, చిరాకు, కోరిక లేకపోవడం. ఇక్కడే తట్టుకోలేక మళ్లీ సూదికి పోతారు, కథ మొదటికొస్తుంది. భార్యకు ముందే చెప్పి ఉంచితే సగం గొడవ తప్పుతుంది. ఈ గడ్డుకాలం దాటించడానికి డాక్టర్లు పిట్యూటరీని మళ్లీ పనిలో పెట్టే క్లోమిఫీన్ మాత్రలో, హెచ్‌సీజీ సూదులో ఇస్తారు. గర్భపరీక్ష పట్టీ మీద రెండో గీత తెప్పించే హార్మోనే ఈ హెచ్‌సీజీ. మగవాడిలో అది ఎల్‌హెచ్ చేసే పని చేసి వృషణాలను మేల్కొలుపుతుంది. చిత్రమే!

ఒక వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. నెలనెలా పరీక్ష చేయించుకుని కుంగిపోకండి, మూడు నెలలకొకసారి చాలు. ఆరోగ్యవంతుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, మానేసిన ఆరు నెలల్లో మూడింట రెండొంతుల మందికి, ఏడాదిలో నూటికి 90 మందికి కణాలు మిల్లీలీటరుకు 2 కోట్లకు చేరాయి. ఏళ్ల తరబడి పెద్ద మోతాదులు వాడినవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. భార్యకు 35 దాటితే అంతకాలం ఊరికే కూర్చోమనను, ఇద్దరి వైద్యమూ పక్కపక్కనే నడవాలి.

పిట్యూటరీ జబ్బు వల్ల నిజంగానే హార్మోను కావలసినవారు వేరు. వారు బిడ్డ కావాలని డాక్టరుకు చెబితే మందే మారుస్తారు. ఇంకా మొదలుపెట్టనివారు ముందుగా వీర్యం భద్రపరచుకోవడం గురించి అడగండి. టెస్టోస్టిరాన్‌ను సూదిగా కాక జెల్‌గా పూసుకునేవారు చేతులు సబ్బుతో కడుక్కుని, పూసిన చోట చొక్కా కప్పుకోండి, గర్భిణికి అది తగలకూడదు.

ఇక ప్రశ్నలు. చీటీల మీద రాసి పంపండి. పేరు రాయనక్కరలేదు.