డ్యాష్‌బోర్డు వెనక టకటక

అందరికీ నమస్కారం. ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళతో పాటు పికప్ బళ్ళు నడిపే డ్రైవరన్నలు కూడా వచ్చారు. సంతోషం. నేను చెప్పబోయే రిపేరులో సగం పని డ్రైవర్లదే.

"క్యాబిన్‌లో ఏదో సౌండొస్తోందన్నా, ఇప్పుడు మాత్రం రావట్లేదు" అంటూ బండి వస్తుంది. మనం కీ తిప్పుతాం, లైట్లేస్తాం, హారన్ కొడతాం. బండి ఎంతో బుద్ధిగా ఉంటుంది. కొందరు అక్కడితో రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, తెంపే స్విచ్చులు) మార్చేసి బిల్లు చేతిలో పెడతారు. బండి మళ్ళీ తిరిగొస్తుంది. రావట్లేదన్న సౌండు ఎక్కడుందో వెతకలేం కదా. అందుకే ముందు అది ఎప్పుడొస్తోందో తేల్చుకోవాలి. ఆ సంగతి మన చేతిలోని మల్టీమీటరు చెప్పదు, డ్రైవరు చెబుతాడు.

కాబట్టి ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. కీ ఆన్ చేయగానే వస్తుందా, ఇంజన్ స్టార్టయ్యాకా? రేజ్ చేస్తే పెరుగుతుందా? వాన పడిన మర్నాడా? గతుకుల్లోనా? అప్పుడు ఏ స్విచ్చు వేసి ఉంది? ఆడియో కట్టేస్తే సౌండు కూడా ఆగుతుందా?

ఆగిపోతే సగం బండిని పక్కన పెట్టేయొచ్చు, గోలంతా స్పీకర్లోంచే. సన్నటి కూతలాగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే కూత కూడా పైకి లేస్తుంటే అది ఆల్టర్నేటర్, మనం డైనమో అనేదే. మీటరుని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ల మీద అనుమానపడొచ్చు. కూత రేజ్‌తో మారకపోతే లైటర్ సాకెట్‌లో ఉన్న చవక ఫోన్ చార్జర్ పీకి చూడండి. పాత బటన్ ఫోను డ్యాష్‌బోర్డు మీద పెడితే, రింగవకముందే స్పీకర్లో "టిట్టిడి టిట్టిడి" అంటుంది. 2జీలో ఫోను సెకనుకి సుమారు 217 సార్లు విడివిడిగా సిగ్నల్ వదులుతుంది, స్పీకర్ లైను దాన్ని పట్టేస్తుంది. దానికి రిపేరు లేదు, ఫోను జేబులో పెట్టుకోవడమే. ఇంకోటి, మన పికప్పుల్లో ఎక్కువ డీజిలే. స్పార్క్ ప్లగ్గే లేని బండిలో స్పార్క్ చప్పుడు కోసం వెతక్కండి.

ఆడియో కట్టేసినా సౌండొస్తుంటే అప్పుడు రిలేలు, మోటార్ల సంగతి చూడాలి. ఇక్కడ ఒక బండి గురించి వివరంగా చెప్పాలి.

పాడేరు నుంచి పసుపు లోడు తెచ్చే పికప్ అది. రాత్రి ఘాట్ దిగుతుంటే డ్యాష్‌బోర్డు కింద టకటకటకమని మోత, హెడ్‌లైట్లు రెపరెపలు. పొద్దున మైదానంలోకి వచ్చేసరికి ఏమీ లేదు. డ్రైవరు ఇంకో మాట కూడా చెప్పాడు. డిప్పర్ కొట్టినప్పుడే, అంటే ఎదుటి బండికి లైటు కొట్టి చూపినప్పుడే మొదలవుతుందట, అదీ క్యాబిన్‌కి పెయింటింగ్ చేయించినప్పటి నుంచేనట. ఆ రెండు ముక్కలతో కేసు దాదాపు తేలిపోయింది.

రిలే ఎందుకు టకటకలాడుతుంది? దాని లోపల స్విచ్చుని లాగి పట్టే తీగచుట్టే కాయిల్. ఆ బండిలో రిలే కాయిల్‌కీ, హెడ్‌లైట్లకీ ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్ళే దారి, ఒకే బోల్టు దగ్గర. ఆ బోల్టు కింద పెయింటు ఉంది. కాయిల్‌కి కావలసిన కరెంటు చాలా తక్కువ, అందుకని పెయింటు ఉన్నా రిలే టక్కున పట్టుకుంటుంది. వెంటనే లైట్లకి కరెంటు వెళ్తుంది. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతుంది. అంత కరెంటు ఆ చెడ్డ ఎర్త్ గుండా పోలేక వోల్టేజీ అక్కడే పడిపోతుంది. కాయిల్‌కి బలం చాలక రిలే వదిలేస్తుంది. వదిలేస్తే లైట్లు లాగే కరెంటు ఆగుతుంది, వోల్టేజీ తిరిగొస్తుంది, రిలే మళ్ళీ పట్టుకుంటుంది. ఇలా సెకనులో చాలాసార్లు. ఘాట్‌లో కుదుపులకి బోల్టు కాస్త కదిలితే మొదలు, మళ్ళీ సర్దుకుంటే బంద్. పాపం రిలే బాగానే ఉంది. దాన్ని ఎన్నిసార్లు మార్చినా కొత్త రిలే కూడా అదే పాట పాడుతుంది.

ఇలాంటి ఎర్త్‌ని మీటరులో వైరు తెగిందో లేదో చెప్పే బజరు పెట్టి చూసి "కంటిన్యుటీ ఉంది" అనేయకండి. కేబుల్లో ఒక్క తీగ మిగిలినా బజరు మోగుతుంది. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా చూడాలి. హెడ్‌లైట్లు వేసి, మీటరు నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబ్ ఆ బోల్టుకి వచ్చే రిలే, లైట్ల ఎర్త్ వైరు కొస మీద ఆనించండి. 0.2 వోల్టులు దాటిందంటే అనుమానించండి. ఈ బండిలో బోల్టుని చేత్తో కదుపుతుంటే రీడింగు మూడు వోల్టులకి ఎగబాకింది. బోల్టు విప్పి, ఇసక కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాం. ఖర్చు లెక్కేసుకుంటే ఓ టీ డబ్బులు.

ఇలా కదిపి చూడడమే ఈ పనిలో పెద్ద ఆయుధం. సౌండు రాకపోతే రప్పించాలి. డ్రైవరు చెప్పిన స్విచ్చు వేసి ఉంచి, వైర్ల కట్టను జానెడు జానెడుగా కదుపుతూ వెళ్ళండి. తలుపు బందు దగ్గర వైర్లు మడతపడే చోటు, ఇంజన్ వైపు నుంచి లోపలికి దూరే రబ్బరు బుష్, ఎవరో ఫాగ్‌లైట్ల కోసం మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు. ఎండకి టేపు జిగురు కరిగి జారిపోతుంది. సీటు కింద ఎలుక పెంటికలు కనపడితే ఇంక చెప్పక్కర్లేదు. సౌండు వస్తున్నప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి, ఏది తీస్తే ఆగిందో ఆ లైను పట్టుకోండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసని రిలే మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే ఏది కొట్టుకుంటోందో తెలుస్తుంది.

అన్నట్టు, డీజిల్ బండి స్టార్టయిన కాసేపటికి ఒక్కసారి "టక్" మంటే కంగారొద్దు, చల్లటి ఇంజన్‌ని వేడి చేసే గ్లో ప్లగ్ రిలే వదిలిన చప్పుడు కావచ్చు. ఇండికేటర్ ఒకవైపు వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు చూడండి.

చిటపటల విషయంలో మాత్రం ఏ పరిశోధనా వద్దు. టకటక కాకుండా నూనెలో ఆవాలు పేలినట్టు చిటపటలు, దాంతోపాటు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఎక్కడో వైరు నిప్పు రాజేస్తోందన్నమాట. డ్రైవరన్నలూ, బండి పక్కకి తీసి, కీ ఆపి, కిందికి దిగండి. పొగ, మంట లేకపోతేనే బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీయండి. షెడ్డుకి నడుపుకుంటూ రాకండి, ఫోన్ చేయండి, మేమే వస్తాం.