మట్టి మిద్దె కింద వెయ్యేళ్లు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన అరగంటా అందులోనే అయిపోతుంది, మన్నించండి. కరపత్రంలో 'హిమాలయాల్లో బౌద్ధాలయాలు – యాత్రా విశేషాలు' అని వేశారు. మన పెన్షనర్ల బృందం వచ్చే ఏడు లదాఖ్ పోతోందట, దారి చెప్పమన్నారు. చెబుతాను. మధ్యలో మిద్దెల మీదికి మళ్లితే మాత్రం ఆపకండి. రోడ్లు, భవనాల శాఖలో సర్వీసంతా శ్లాబులు పోయించినవాణ్ణి. గుడికి పోయినా నా చూపు ముందు పైకప్పు మీదికే పోతుంది, దేవుడి మీదికి ఆ తర్వాతే.

విమానం లేహ్‌లో దిగుతుంది. ఎత్తు 3,500 మీటర్లు. మొదటి రెండు రోజులు గది కదలకండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఇక్కడే డాక్టరు గారితో మాట్లాడి బయల్దేరండి. తేరుకున్నాక తిక్సే, హెమిస్ గోంపాలు, అంటే బౌద్ధ మఠాలు, చూపిస్తారు. తిక్సేలో రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి విగ్రహం రెండంతస్తుల ఎత్తు. 1970లో దలైలామా వచ్చిపోయిన గుర్తుగా తర్వాత కట్టింది, కొత్తదే. హెమిస్‌లో వేసవిలో ముసుగుల నాట్యం జరుగుతుంది. రెండూ బాగుంటాయి. నేను చెప్పకపోయినా వాళ్లే తీసుకుపోతారు.

తీసుకుపోనిది ఆల్చి. తీసుకుపోయినా నిలవనివ్వరు.

సింధు నది వెంట పడమరకు డెబ్బై కిలోమీటర్ల లోపే. మిగతా గోంపాలు కొండకొమ్మున ఉంటే ఇది నది ఒడ్డున చదును నేల మీద, ఆప్రికాట్ చెట్ల మధ్య ఉంటుంది. అక్కడ సుమ్‌చెక్ అని మూడంతస్తుల గుడి ఉంది, సుమారు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. మూడు గోడల్లో మూడు గూళ్లు. అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, మంజుశ్రీ అనే ముగ్గురు బోధిసత్వులు నిలబడి ఉంటారు. అన్నీ మట్టి విగ్రహాలే. మనం కింద నిలబడితే కాళ్లూ నడుమూ కనిపిస్తాయి, తలలు పై అంతస్తులో ఉంటాయి. కళ్లు చీకటికి అలవాటు పడాలి. పడ్డాక వాళ్ల పంచెలు చూడండి. మైత్రేయుడి పంచె మీద బుద్ధుడి జీవితమంతా వేశారు. మంజుశ్రీ పంచె మీద ఎనభై నాలుగు మంది సిద్ధులు. అవలోకితేశ్వరుడి పంచె మీద గుళ్లు, మేడలు, గుర్రాల మీద మనుషులు. అది ఆనాటి కాశ్మీరం అంటారు. నేల మీద ఆ గుళ్లు ఇప్పుడు లేవు. పంచె మీద ఉన్నాయి.

ఇంత ఉన్నచోట మా టూరు మేనేజరు మాకిచ్చింది ఇరవై నిమిషాలు! మర్నాడు పాంగాంగ్ సరస్సు దగ్గర మాత్రం పూటంతా. నీళ్ల ముందు నిలబడి ఫొటో తీసుకోవడానికి పూటంతా ఎందుకయ్యా అంటే, "సార్, జనం అడిగేది అదే" అన్నాడు. అతన్ని అనేదేముంది, అడిగింది మనమే. చెప్పండి, ఈ సభలో లదాఖ్ పోయొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే. అందులో ఆల్చి చూసినవాళ్లు? చూశారా మరి!

ఇక మిద్దె. ఆల్చి ఊళ్లో పాత ఇంటి పైకప్పు చూసి నిలబడిపోయాను. దూలాలు వేసి, వాటి మీద విల్లో చెట్టు కర్రలు దగ్గర దగ్గరగా పరిచి, పైన గడ్డి, గడ్డి మీద మట్టి, అన్నిటికీ మీద మర్కలక్ అనే జిగట మన్ను. నీళ్లు దిగకుండా చేసేది ఆ మన్నే. మన అనంతపురం, కర్నూలు పల్లెల్లో మట్టి మిద్దెలో పుట్టినవాళ్లకు ఇంకేం చెప్పాలి? దూలం, దంతెలు, పైన చౌడు మన్ను. వానాకాలం ముందు మిద్దెకు చౌడు వేయకపోతే మా అమ్మ నిద్రపోయేది కాదు. చౌడు తెచ్చే బండ్లు వీధిలో వరుసగా... అది వేరే కథ.

లేహ్‌లో ఏడాదికి పడేది దాదాపు వంద మిల్లీమీటర్లు. మన అనంతపురమే కరువు సీమ అనుకుంటే, అక్కడ ఇందులో ఐదో వంతు కూడా పడదు. ఆ లెక్కన కట్టిన మిద్దెలవి. ఇప్పుడు వాన తీరు మారింది. 2010 ఆగస్టులో లేహ్ మీద ఒక రాత్రి మేఘం బద్దలైనట్టు కురిస్తే రెండు వందల మందికి పైగా పోయారు. మట్టి ఇళ్లు కరిగిపోయాయి. గుళ్లలో మిద్దె ఉరిస్తే నీళ్లు నేరుగా బొమ్మల మీదికే దిగుతాయి. గోడ మీద చార పడిందంటే ఆ మేరకు రంగు పోయినట్టే.

వెంటనే ఎవరో ఒక దాత వస్తాడు. "కాంక్రీటు వేయిస్తా" అంటాడు. సర్వీసంతా కాంక్రీటు తిన్నవాణ్ణి చెబుతున్నా, వద్దు. మట్టి గోడ ఆ బరువు మోయదు, భూమి కదిలితే అసలు మోయదు. సిమెంటు పూత చెమ్మను లోపలే బిగించేస్తుంది, గోడ లోపల్నించి కుళ్లుతుంది. అలాగని ఏటా పాత మట్టి మీద కొత్త మట్టి పోస్తూ పోయినా దూలం వంగుతుంది. పాతది గీకి, తీసి, కొత్తది వేయాలి. పని తెలిసిన మనిషి కావాలి. ఆ మనుషులు తగ్గిపోతున్నారు.

లేహ్ చాలు అనుకునేవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. ఓపిక ఉన్నవాళ్లు ఇంకోసారి సిమ్లా మీదుగా హిమాచల్‌లోని స్పితి లోయకు పోండి. దారిలో కొండ అంచున ధన్‌కర్ కనిపిస్తుంది, కింద మన్ను జారిపోతోంది, ఎన్నాళ్లుంటుందో. కీ గోంపా ఫొటో అందరి ఫోన్లలోనూ ఉన్నదే. నా మాట వింటే తాబోలో దిగండి. అక్కడి గుడి 996లో కట్టారు. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యెషే ఓద్ కట్టించాడు. నలభై ఆరేళ్లకు ఆయన వంశంవాడే బాగు చేయించి, ఆ సంగతి గోడ మీద రాయించాడు. మా శాఖ శిలాఫలకాల్లో మరమ్మతు సంగతి రాసింది ఎన్నడూ చూడలేదు నేను! బయట్నుంచి చూస్తే ఏమీ ఉండదు, మట్టి గడ్డలు పోసినట్టుంటుంది. లోపల నాలుగు మూర్తుల వైరోచన బుద్ధుడు, చుట్టూ గోడల నుంచి ముందుకొచ్చిన ముప్పై రెండు మట్టి విగ్రహాలు. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపం గట్టిగా కొట్టింది. దెబ్బలు తిని కూడా గుడి నిలబడింది.

ఇది గ్రంథాలయ సభ కాబట్టి ఇంకొకటి. తాబోలో ప్రజ్ఞాపారమిత మొదలైన బౌద్ధ గ్రంథాల రాతప్రతుల ఆకులు వేలల్లో దొరికాయి. గోడ మీద బొమ్మలుగా ఉన్నది కూడా ఒక పుస్తకమే, గండవ్యూహ సూత్రం అనే బౌద్ధ గ్రంథం. సుధనుడు అనే షావుకారు కొడుకు గురువులను వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతాడు. భిక్షువు, ఓడ నడిపేవాడు, సుగంధాలమ్మేవాడు, ఆడవాళ్లు, చిన్నపిల్లలు, అందరి దగ్గరా కూర్చుని నేర్చుకుంటాడు. ఆ పిల్లాడిది ఏ ఊరో తెలుసా? దక్షిణాపథంలో ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోటేనని కొందరు పండితులంటారు. కృష్ణ ఒడ్డు పిల్లాడు స్పితి ఒడ్డున గోడ మీద వెయ్యేళ్లుగా నడుస్తున్నాడు. మనవాళ్లు ఆ ముందు నుంచే బండి ఆపకుండా పోతారు, నాకు ఒళ్లు మండదా?

చీటీ వచ్చింది. అయిపోయిందండీ, ఒక్క నిమిషం.

జూన్ నుంచి సెప్టెంబరు లోపు పోండి. లోపల ఫొటోలు తీయనివ్వరు, బతిమాలకండి. చిన్న టార్చి వెంట ఉంచుకుని, వెలుగు నేల మీద వేసుకుని నడవండి. గోడను తాకొద్దు, వీపు ఆనించొద్దు. డబ్బు కట్టే ముందే టూరువాళ్లతో 'ఆల్చిలో సగం పూట' అని కాగితం మీద రాయించుకోండి. అక్కడి లామాను "ఈ ఏడు మిద్దెకు మన్ను ఎవరు వేశారు?" అని అడగండి, ఎంతోకొంత ఇచ్చేటప్పుడు "ఇది మన్నుకు" అని చెప్పి ఇవ్వండి. మిగతా సందేహాలు టీ దగ్గర మాట్లాడుకుందాం. పాంగాంగ్ గురించి అడగదలుచుకున్నవాళ్లు మాత్రం కార్యదర్శి గారిని పట్టుకోండి.