ముడత వచ్చిందా? మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

(దృశ్యం: గుంటూరు దగ్గర లాం వైపు ఒక మిరప తోట, ఉదయం. వ్యాఖ్యాత మొక్క పక్కన కూర్చుని ఉన్నారు.)

నమస్కారం. ఈ మొక్క చూడండి, ఆకులన్నీ ముడుచుకుపోయాయి. మన వైపు దీన్ని "ముడత" అని ఒక్క మాటతో తేల్చేసి పురుగుమందుల దుకాణానికి వెళ్తాం. కానీ మిరపలో ముడతలు మూడు రకాలు. ఒకదానికి కొట్టే మందు ఇంకొకదానికి పనిచేయకపోవచ్చు.

(దగ్గరి దృశ్యం: అంచులు పైకి లేచిన ఆకు)

ఆకు దోనెలా పైకి ముడిస్తే అది పై ముడత. తామర పురుగుల పని. ఈ కొమ్మను తెల్ల కాగితం మీద తడుతున్నాను. ఇవిగో, సన్నని నూలు ముక్కల్లా కదులుతున్నాయి. పూలను కూడా ఇలాగే తట్టండి. 2021లో మిరప రైతును నిలువునా ముంచిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే దాక్కుంటుంది. ఆకులు మాత్రమే చూసి వెనుదిరిగితే అది మన కంట పడదు.

(మరో మొక్క)

ఇక్కడ అంచులు కిందికి వాలి, ఆకు బోర్లించిన దోనెలా ఉంది. కాడ కూడా సాగింది. ఇది కింది ముడత, తెల్లనల్లి వల్ల వస్తుంది. నల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు జాతికి చెందినది. అందుకే చాలా పురుగుమందులకు లొంగదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు (సైపర్‌మెత్రిన్ లాంటివి) కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తగ్గాక, ఆకు అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయండి.

మూడోది వైరస్. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య ఉబ్బి, మొక్క గిడసబారుతుంది. తెల్లదోమ దీన్ని మోసుకొస్తుంది. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. ఉందని ఎవరు చెప్పినా నమ్మి డబ్బు పోసుకోకండి. తొలి దశలోనే పీకి తగలబెట్టండి, తెల్లదోమ అంటుకునేలా పసుపు జిగురు అట్టలు పెట్టండి. వచ్చే పంటకు తెల్లదోమను అడ్డుకునేలా చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న వేయండి. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులునూ తెల్లదోమే మోసుకొస్తుంది, దానికీ ఇవే జాగ్రత్తలు.

(దృశ్యం: గాజు గ్లాసులో తేటనీరు)

ముడతే కాదు, వాడు కూడా ఇలాగే చూసి తేల్చుకోవాలి. టమాటా, వంగ మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోతే కాండాన్ని కోసి, ముక్కను ఇలా నీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. అది నేలలో ఉంటుంది. ఆ మడిలో వెంటనే మళ్లీ టమాటా, వంగ, మిరప వేయకండి. మొక్కజొన్న వేసుకోవచ్చు.

అప్పటికీ అనుమానం తీరకపోతే మొక్కను వేళ్లతో, మట్టితో సహా తీసి, కాగితంలో చుట్టి లాంలోని ఉద్యాన పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి. మందు కొట్టక ముందే తీసుకెళ్లండి. కొట్టాక వెళ్తే లక్షణాలు చెరిగిపోయి, చూసి చెప్పేవారికి కష్టమవుతుంది.