కొరాపుట్ పల్లెల్లో నడక: దారి ఎంతో చెప్పేది జోలాలే | రివ్యూ

నమస్కారం అండీ. విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది అరకులో దిగిపోతారు. దిగకుండా ఇంకాసేపు కూర్చుంటే బండి ఒడిశాలోకి, కొరాపుట్ జిల్లాలోకి వెళ్తుంది. దార్లిపుట్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్, ఇవి ఆ దారిలో వచ్చే స్టేషన్లు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న నేల ఇది. మెరక, పల్లం, మళ్లీ మెరక. ఈ వీడియోలో ఇక్కడ ఊరి నుంచి ఊరికి పొలాల మీదుగా నడిచే దారుల్ని రివ్యూ చేస్తున్నాం.

ముందు ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా సులువు. ఇక్కడ భూమి మూడు రకాలు. కొండవాలు పోడు భూమిని దొంగర్ అంటారు. ఊళ్లు, చోళ్లు అంటే రాగులు, సామలు, నూనెగింజలైన వలిసెలు ఉండేది మెట్ట మీద. రెండు మెట్టల మధ్య గెడ్డ, అంటే వాగు, పారే పల్లాన్ని అడ్డంగా గట్లు వేసి, మెట్లు మెట్లుగా వరిమళ్లు చేశారు. అదే జోలా. మెట్ట మీద దారి హాయిగా, వెడల్పుగా ఉంటుంది. పక్క ఊరికి పోవాలంటే మాత్రం జోలా దిగి, దాటి, ఎక్కాల్సిందే. అందుకే ఇక్కడ దారి పొడవు చెప్పేటప్పుడు కిలోమీటర్లతో పాటు ఎన్ని జోలాలు తగులుతాయో కూడా చెప్పాలి.

లెక్క వేసి చూపిస్తాను. 12 కిలోమీటర్ల దారి, మధ్యలో ఆరు జోలాలు అనుకోండి. నడకవాళ్లు వాడే నైస్మిత్ సూత్రం ఒకటి ఉంది, 1892 నాటిది. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఒక్కో జోలా 30 మీటర్లు ఎక్కిస్తే మొత్తం 180 మీటర్లు. సూత్రం ప్రకారం 2 గంటల 42 నిమిషాల్లో అయిపోవాలి. అవ్వదు. సూత్రం కాలిబాటను లెక్కలోకి తీసుకుంటుంది, గట్టును తీసుకోదు. గట్టు మీద అడుగు చూసుకుంటూ నడవాలి, దాటే చోటు వెతుక్కోవాలి, ఒక్కోసారి వెనక్కి రావాలి. జోలాకి పావుగంట కలపండి. అప్పుడు 4 గంటల 12 నిమిషాలు. తిండికి, విశ్రాంతికి గంట. ఐదు గంటలు దాటింది. డిసెంబర్లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, పొద్దున మంచు ఎనిమిది దాకా విడవదు. కాబట్టి కొత్తవాళ్లకి రోజుకి ఆరు జోలాలే హద్దు.

ఇప్పుడు జోలా దాటడం. కెమెరా కిందకి దించుతున్నాను, ఈ గట్టు చూడండి. జానెడు వెడల్పు. పైన గడ్డి పట్టి గట్టిగానే కనిపిస్తోంది. పక్కన చూస్తే రూపాయి బిళ్లంత కన్నాలు, వాటి మూతి దగ్గర గోళీల్లా మట్టి ఉండలు. ఎండ్రకాయ బొరియలవి. లోపల గట్టు డొల్ల. దీని మీద బరువు పడితే పక్కకి విరిగిపోతుంది. మీ కాలు తడవడం చిన్న సంగతి. పై మడిలో నిలబెట్టుకున్న నీరు కింద మడిలోకి జారిపోతుంది, అది ఒక రైతుకి నష్టం. బొరియలున్న గట్టు ఎక్కకండి. అయిదడుగుల వెదురు కర్ర దగ్గర పెట్టుకోండి. ముందు కర్ర గుచ్చండి. రెండు వేళ్ల లోతు దిగి ఆగితే అడుగు వేయొచ్చు, జానెడు దిగితే ఇంకో గట్టు చూసుకోండి. మడవ ఉన్న చోట, అంటే నీరు కింద మడిలోకి వదిలే గండి దగ్గర, గట్టు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. అక్కడ తొక్కకుండా ఒక్క అంగలో దాటేయండి.

పొరపాటున గట్టు తెగిందా, వదిలేసి పోకండి. గడ్డివేళ్లు ఉన్న మట్టిపెళ్లలు రెండు మూడు, వేళ్లు పైమడి వైపు ఉండేలా గండిలో పెట్టి, మీద మట్టి వేసి మడమతో తొక్కాలి. వట్టి బురద వేస్తే నీటితో పాటే కొట్టుకుపోతుంది. దగ్గర్లో ఎవరైనా కనిపిస్తే పిలిచి చెప్పండి. పారతో రెండు నిమిషాల్లో సరిచేసుకుంటారు.

దాటే చోటు ఎక్కడంటే, ఎక్కువగా జోలా పైకొసన. అక్కడ పల్లం ఇరుకు, నీరు తక్కువ. మ్యాప్‌లో తిన్నగా దగ్గరగా కనిపించే చోట దిగితే నడుం లోతు బురద పలకరించొచ్చు. వరి కోసేశాక కూడా జోలా పూర్తిగా ఆరదు, అడుగున ఊట ఉంటుంది. పైన పగుళ్లు కనిపిస్తున్నాయని జనవరిలో మడి మధ్యలోంచి నడిచేయొద్దు.

తప్పిపోవడం గురించి. మెట్ట మీద మనుషుల బాట, పశువుల బాట కలిసిపోయి ఉంటాయి. మనుషుల బాట అడుగు వెడల్పున, నున్నగా ఒకటే గీతలా పోతుంది. పశువుల బాట అయిదారు పాయలై, మళ్లీ కలిసి, చివరికి ఏ తుప్పల్లోనో ఆగిపోతుంది. నీలగిరి తోటల్లో ఇంకా జాగ్రత్త. వరసల మధ్య ఖాళీ అంతా దారిలాగే కనిపిస్తుంది. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఊరి పేర్లు కూడా మోసం చేస్తాయి. పుట్, గుడ అని ముగిసే ఊళ్లు ఎన్నో. ఉదాహరణకి శిమిలిగుడ స్టేషన్ బొర్రా, అరకుల మధ్య ఆంధ్రలో ఉంది. ఒడిశా సిమిలిగుడ వేరే, అది సాలూరు, సుంకి మీదుగా పోయే ఎన్‌హెచ్ 26 మీది ఊరు. టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

దారి అడగడానికి సరిహద్దు దగ్గర తెలుగు చాలాచోట్ల నడుస్తుంది, లోపలికి పోయేకొద్దీ దేశియా ఒడియా, అంటే ఇక్కడి ఒడియా యాస. జుహార్ అని పలకరించి ఊరి పేరు చెబితే చాలు, చెయ్యి చూపిస్తారు. ఎంత దూరం అని కాకుండా మధ్యలో ఎన్ని జోలాలు అని అడగండి, జవాబు కచ్చితంగా వస్తుంది. గదబ గిరిజనుల ఊళ్లలో మధ్యన రాళ్లు పేర్చిన రచ్చ కనిపిస్తుంది, సదర్ అంటారు. అలిసిపోయాం కదా అని అడక్కుండా ఎక్కి కూర్చోవద్దు. అది పెద్దలు చేరే చోటు, చనిపోయినవాళ్ల పేరిట నిలిపిన రాళ్లూ అక్కడ ఉంటాయి. ఫోటో అయినా అడిగాకే.

సామాను పెద్దగా అక్కర్లేదు. తోలు బూట్లు వద్దు, ఒకసారి తడిస్తే మర్నాటికీ ఆరవు. అడుగున లోతు గాడులున్న గుడ్డ బూట్లు, రెండు జతల మేజోళ్లు, జోలాలో దిగడానికి వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు. మెట్ట దిగేటప్పుడు ఎర్రమట్టి మీది సన్న గులకరాయి గోళీల్లా దొర్లుతుంది, చిన్న చిన్న అంగలు వేయండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. ఊరి బోరింగు నీళ్లు పట్టుకున్నా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. మళ్ల పక్కన చెలమ నీరు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. మలేరియా ఉన్న ప్రాంతం ఇది, పొద్దువాలితే నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఇంటికొచ్చిన నెలరోజుల్లో జ్వరం తగిలితే కొరాపుట్ వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

ఇక ఏ వైపు బాగుందంటే, నా ఓటు పాడువా వైపుకే. బండి దిగిన కాసేపటికే పొలాల్లో ఉంటారు. అక్టోబర్ చివర, నవంబర్లో మెట్టలన్నీ వలిసె పువ్వుతో పచ్చగా పసుపు పూసినట్టు ఉంటాయి, కింద జోలాలో వరి పండుతూ ఉంటుంది. నందపూర్, లమ్టాపుట్ వైపు ఊళ్లు ఇంకా అందం, కానీ బస్సు లెక్క చూసుకోవాలి, అది రెండోసారి వచ్చేవాళ్లకి. పొట్టంగి వైపు హైవే లారీలు ఎక్కువ, రోడ్డు వదిలి లోపలికి పోతేనే నడక. దేవమాలి కొండ 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు, కానీ పైదాకా బళ్లు పోతున్నాయి. చూడ్డానికి వెళ్లండి, నడక కోసమైతే వద్దు.

వర్షాకాలంలో రావద్దు. ఎర్రమట్టి బూటుకి కేజీ లెక్కన పట్టుకుంటుంది, గెడ్డలు గంటలో పొంగుతాయి, కొండచరియలు పడితే రైళ్లూ ఆగుతాయి. ఎంత ఆలస్యమైనా పట్టాల మీద మాత్రం నడవకండి. ఈ లైన్లో 58 సొరంగాలు, ఇనుప ఖనిజం గూడ్సులు పగలూ రాత్రీ తిరుగుతాయి, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. చిన్న స్టేషన్లలో ఆగేది ప్యాసింజరే. తిరుగు బండి టైము చూసుకుని, దానికి రెండు గంటల ముందు చివరి జోలా దాటేసి ఉండేలా బయల్దేరండి.